ఆ ప్రకటన కాదు, ఈ ప్రకటన

సొమ్ము నొక్కేసినవాళ్ళని డిటెక్టివ్ తన పోలీసు ఉద్యోగంలో చాలామందినే పట్టుకున్నాడు. సొమ్ము జోలికి పోకుండా వట్టినే నొక్కినవాళ్ళని పట్టుకోమని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రిటైరైన మనిషికి ఇలాంటి కేసులే వస్తాయని సరిపెట్టుకుని, ఆయన సలుపుతున్న మోకాలిని చేత్తో పట్టుకుని కుర్చీలో సర్దుకున్నాడు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి చెల్లెమ్మా. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది, పాముల గురించి తెలిసినంతే. దూరంగా ఉండాలని తెలుసు."

ఎదురుగా కూర్చున్నావిడ నవ్వలేదు. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, కళ్ళకింద నల్లగా ఉంది. వీధిలో ఎవరిని అడిగినా ఆవిడ పేరు చెప్పరు, ప్రకటనలమ్మ అంటారు. ఒకప్పుడు దినపత్రిక ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుని, తప్పిపోయినవాళ్ళ కోసం ఇంటివాళ్ళు ఇచ్చే ప్రకటనలు రాసుకునేది. 'కనబడుటలేదు' అన్న మాట ఆ చేత్తో ఎన్నిసార్లు రాసిందో ఆవిడకే తెలియదు. పత్రిక మూతపడ్డాక ఆవిడ ఇంట్లో ఊరుకోలేదు. కష్టపడి కంప్యూటర్ నేర్చుకుని, అవే ప్రకటనలతో ఒక వెబ్‌సైటు పెట్టింది. ఎవరి దగ్గరా పైసా తీసుకోదు.

"మా సైట్లో రెండు రకాలు ఉంటాయి అన్నయ్యగారూ. తప్పిపోయినవాళ్ళ ఫొటో, వివరాలు నేను పెట్టేవి. పక్కన చిన్న డబ్బాలో వ్యాపారాలవాళ్ళ యాడ్లు వస్తాయి. ఎవరికి ఏ యాడు చూపించాలో యాడ్ల కంపెనీయే చూసుకుంటుంది, నా చేతిలో లేదు. చూసినవాళ్ళు దానిమీద నొక్కితే మాకు కాస్త డబ్బొస్తుంది. దాంతోనే సైటు నడుస్తుంది. కానీ మా సైట్లో యాడ్ల మీద మేం నొక్కకూడదు. నొక్కమని ఇంకొకరిని అడగనూ కూడదు. అది వాళ్ళ మొదటి రూలు."

"ఆ రూలే తప్పారంటున్నారు."

"ఎవరో పనిగట్టుకుని ఒకే వ్యాపారి యాడు మీద నొక్కుతున్నారట. ఆ వ్యాపారి ఫిర్యాదు చేశాడు. మాకు రావాల్సిన డబ్బు ఆపేశారు, యాడ్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. సంజాయిషీ ఒక్కసారే రాసుకోవచ్చు. అది కూడా కాదన్నారంటే ఇక జన్మలో ఖాతా ఇవ్వరు, సైటు మూసుకోవాల్సిందే."

"ఎప్పుడు నొక్కారు, ఎక్కణ్ణుంచి నొక్కారు, అదేమైనా చెప్పారా?"

"ఏమీ చెప్పరు. రూలు తప్పారు అంటారు. ఏ రూలు తప్పానయ్యా అని అడిగితే మళ్ళీ రూళ్ళన్నీ మొదటినుంచి పంపిస్తారు."

తన డిపార్ట్‌మెంటు కూడా ఇంతే కదా అనుకున్నాడు డిటెక్టివ్. ఆ మాట పైకి అనలేదు.

"కంప్యూటర్ ఎవరెవరు ముట్టుకుంటారు?"

"నేనొక్కదాన్నే."

"మీవారు?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. ప్రకటనలమ్మ భర్త రేడియోలు బాగుచేసే పనిలో జీవితం గడిపి, ఇప్పుడు బాగుచేయడానికి రేడియోలు లేక ఇంట్లో ఉన్న మనిషి. చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా ఉంది. "నేనా అండీ? ఆ గదిలోకి నాకు ప్రవేశం లేదు. దగ్గొచ్చి చెయ్యి ఊగితే ఎక్కడ యాడు మీద పడుతుందోనని మా ఆవిడ భయం. కాఫీ ఇవ్వడానికి వెళ్ళినా గడప ఇవతలే నిలబడాలి."

"నిజమేనా?" అన్నట్టు డిటెక్టివ్ ఆవిడ వైపు చూశాడు.

"నిజమే," అంది ఆవిడ. "ఒకసారి ఆయన పంపు మోటారు యాడు చూసి ముచ్చటపడ్డారు. అప్పటినుంచి రానివ్వడం లేదు."

ఇలాంటి మనిషి రూలు తప్పిందంటే నమ్మడం కష్టం. కానీ నమ్మడం కష్టమైన మనుషులే ఆయన్ని ఉద్యోగంలో ఎక్కువగా మోసం చేశారు. అందుకని లేచాడు. మోకాలు టక్కుమంది.

"పదండి, గది చూద్దాం."

వసారా దాటి వెళుతుంటే గోడపక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు కనిపించింది. దానిమీద మడతపెట్టిన తువ్వాలు ఉంది. స్టూలుకి ఎదురుగా ఒక చాప. డిటెక్టివ్ ఆగాడు. డిపార్ట్‌మెంటులో ఆయన్ని నత్త అనేవారు. ప్రతి అడ్డమైనదాని దగ్గరా ఆగుతాడని ఆ పేరు పెట్టారు. తిట్టుగా పెట్టిన పేరు ఆయనకి బిరుదులా మిగిలిపోయింది.

"ఇది ఎవరిది?"

"చిన్నదాని అమ్మది." ప్రకటనలమ్మ గొంతు తగ్గింది. "వీధి చివరి ఇల్లు. చిన్నది అంటే వాళ్ళ రెండో కూతురు. కంప్యూటర్ ఉద్యోగం దొరికింది, ఉండటానికి చోటు, తిండి కూడా వాళ్ళదే అని సంబరంగా వెళ్ళింది. మొదట్లో ఫోన్ చేసింది. తర్వాత ఫోన్ లేదు, మనిషి లేదు. అది చెప్పిన పేరుతో అసలు కంపెనీయే లేదని పోలీసులు తేల్చారు. వాళ్ళమ్మ క్యాంటీన్లో పని ముగించుకుని మధ్యాహ్నం ఇక్కడికి వస్తుంది. ఏమైనా తెలిసిందా అక్కా అంటుంది. ఇంకా లేదమ్మా అంటాను. కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. ఆమె వచ్చే వేళకి కంప్యూటర్ కట్టేస్తాను. ఆమెని ఎదురుగా పెట్టుకుని తెర చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు."

"రోజూనా?"

"రోజూ. ఎవరైనా దొరికితే ఆ 'కనబడుటలేదు' అన్న మాట కొట్టేసి 'దొరికారు' అని ఎర్రగా రాస్తాను అన్నయ్యగారూ. ఆ ఒక్క మాట రాయడం కోసమే ఇదంతా. చిన్నదాని పేజీలో ఎప్పుడు రాస్తానో."

గది చిన్నది. ఒక బల్ల, కంప్యూటర్, గోడకి యాడ్ల కంపెనీ రూళ్ళు. ఆవిడే చేత్తో పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. చదువుకునే పిల్లలు కూడా అంత శ్రద్ధగా రాయరు. యాడ్లు మీటలకి ఆనుకుని ఉండకూడదు. యాడేదో, సైటువాళ్ళు రాసిందేదో జనానికి తేడా తెలియాలి. యాడు పైన 'ప్రకటన' అన్న మాట తప్ప ఇంకే మాటా రాయకూడదు. చివరిదానికింద రెండు గీతలు ఉన్నాయి.

డిటెక్టివ్ కంప్యూటర్ ముట్టుకోలేదు. జేబులోంచి తన ఫోను తీశాడు.

"మీ సైటు దీంట్లో చూస్తాను. జనం చూసినట్టే చూడాలి. ఏ పేజీ తెరవమంటారు?"

"మీ ఇష్టం."

ఆయన చిన్నదాని పేజీ తెరిచాడు. పైన నల్లటి అక్షరాలతో కనబడుటలేదు. కింద రెండు జడలు వేసుకుని, పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంటున్న పిల్ల ఫొటో. పక్కన ఒక డబ్బా, దాని నెత్తిన బుద్ధిగా 'ప్రకటన' అని ఉంది. అన్నిటికంటే అడుగున ఒక వాక్యం. కళ్ళజోడు కారులో మరిచిపోయాడు కాబట్టి, చెయ్యి బారెడు దూరం చాపి చదివాడు.

'మీరు మాట్లాడలేని చోట, రాయలేని చోట ఉంటే ప్రకటన మీద నొక్కండి చాలు. ఏ పేజీ తెరుచుకున్నా కంగారుపడకండి. మాకు కబురు అందుతుంది.'

చెప్పింది చెప్పినట్టు చేయడం పోలీసు అలవాటు. 'ప్రకటన' అని ఎక్కడుందో వెతికి, దానికింద బొటనవేలితో నొక్కాడు. తెర మీదికి మోకాలి పట్టీలు వచ్చాయి. వాటిని చూసి ఆయనకి ఒళ్ళు మండింది. నాలుగు రోజుల కిందట మోకాలి నొప్పికి ఏదైనా ఉందేమోనని ఫోన్లో వెతికాడు. అప్పటినుంచి ఈ పట్టీలు ఆయన వెంటపడి తిరుగుతున్నాయి. వార్తలు తెరిస్తే పట్టీలు. వాన కురుస్తుందా అని చూస్తే పట్టీలు.

భుజం మీదుగా చూస్తున్న ప్రకటనలమ్మ కుర్చీలో కూలబడింది. "యాడు మీద నొక్కారా అన్నయ్యగారూ? నా ఇంట్లో కూర్చుని?"

"మీరే కదమ్మా ప్రకటన మీద నొక్కమన్నారు."

"నేనన్నది ఆ ప్రకటన కాదు, ఈ ప్రకటన." ఆవిడ తెర మీద పిల్ల ఫొటో వైపు చూపించింది. "నాకు ప్రకటన అంటే కనబడుటలేదు అనే. పక్కనున్నది యాడు."

"యాడు నెత్తిమీద ప్రకటన అని రాసి పెట్టుకుని, ప్రకటన అంటే యాడు కాదంటే ఎలా?"

గుమ్మంలోంచి చప్పట్లు వినిపించాయి. తాపీగా, విడివిడిగా కొడుతున్న చప్పట్లు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని విన్నాను. కాయ భుజాన పెట్టుకుని దొరికినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. బాగున్నావా బావా?"

డిటెక్టివ్ తల తిప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ గొంతు ఆయనకి పెళ్ళయిన రోజునుంచి తెలుసు. భార్యకి తమ్ముడు. డిపార్ట్‌మెంటులో తన కిందే చేరి, తన దగ్గరే పని నేర్చుకుని, నత్త అన్న పేరు మొదట పెట్టిన ఘనుడు. ఇప్పుడు ఉద్యోగం వదిలేసి, అద్దాల ఆఫీసు పెట్టి, పెద్దపెద్ద కంపెనీలకి గూఢచారి పని చేస్తున్నాడు. అక్క ముఖం చూసి ఇద్దరూ పండక్కీ పబ్బానికీ పలకరించుకుంటారు. మిగతా రోజుల్లో ఎదురుపడకుండా చూసుకుంటారు.

"నువ్వెందుకొచ్చావు?"

"ఫిర్యాదు ఇచ్చింది నా క్లయింటే బావా. ఉద్యోగాలిచ్చే కంపెనీ. వాళ్ళ యాడు మీద ఈ మేడమ్ నొక్కిస్తోంది. ఈవిడ సంతకం పెడితే సరిపోతుంది, పోలీసుల దాకా వెళ్ళకుండా చూస్తాను." బామ్మర్ది ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. "చేసింది చేశానని, లోపల సాయం చేసిన మనిషి ఎవరో రాసిస్తే చాలు."

"లోపలా? ఎక్కడ లోపల?" అంది ప్రకటనలమ్మ.

"అది మీరే చెప్పాలి మేడమ్."

"నువ్వు చెప్పు ముందు," అన్నాడు డిటెక్టివ్. "నొక్కింది ఈ ఇంట్లోంచేనా?"

"అక్కడే ఉంది తమాషా." బామ్మర్ది గోడకి ఆనుకున్నాడు. అవతలివాడికి తెలియనిది తనకి తెలిసినప్పుడు వాడు ఎప్పుడూ అలాగే ఆనుకుంటాడు. "యాడు మీద నొక్కినవాళ్ళు చేరేది నా క్లయింట్ పేజీకే కదా. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో అక్కడ పడుతుంది. అన్నీ ఒకే చోటినుంచి. ఎక్కణ్ణుంచో తెలుసా? నా క్లయింట్ సొంత ఆఫీసులోంచి. కంచే చేను మేస్తోంది బావా. వాళ్ళ యాడు మీద వాళ్ళ ఆఫీసులో కూర్చుని ఎవరో రోజూ మధ్యాహ్నం నొక్కుతున్నారు. ఈ మేడమ్‌కి లాభం. అంటే ఈవిడ మనిషి అక్కడ ఉన్నట్టేగా?"

"నాకు అక్కడ ఎవరూ లేరు. ఆ కంపెనీ ఏదో కూడా నాకు తెలియదు." ప్రకటనలమ్మ కాగితాన్ని వాడి వైపు తోసేసింది. "నేను సంతకం పెట్టను. మూసేస్తే మూసేయండి. పెట్టను."

"మేడమ్, ఆలోచించుకోండి. ఇంత వయసులో పోలీసు స్టేషన్ల చుట్టూ..."

"రోజూ మధ్యాహ్నమే ఎందుకు?" అన్నాడు డిటెక్టివ్.

"ఏంటి?"

"దొంగకి డబ్బు కావాలంటే పొద్దుటినుంచీ నొక్కుతాడు. నీ దొంగకి మధ్యాహ్నమే ఎందుకు తీరిక?"

"భోజనాల టైమయ్యుంటుంది. సూపర్‌వైజర్లు కిందికి వెళ్తారు. ఎవరూ చూడరు."

"ఈ సైట్లో పేజీలు బోలెడున్నాయి. అన్నిటి మీదా అదే డబ్బా ఉంది. ఏ పేజీలోంచి నొక్కారు?"

బామ్మర్ది విసుగ్గా ఫోను తీసి చూశాడు. "ఒకటే పేజీ. ప్రతిసారీ అదే. ఏ పేజీ అయితే ఏముంది బావా, నువ్వింకా మారలేదు. గోడలు, గుమ్మాలు, గడపలు చూసుకుంటూ కూర్చుంటావు. ఈ లోపల కేసు నడిచి వెళ్ళిపోతుంది."

"ఏ పేజీరా?"

'రా' అన్న మాట ఆయన చాలా ఏళ్ళుగా వాడలేదు. బామ్మర్ది ఫోను ఇటు తిప్పాడు. తెరమీద రెండు జడల పిల్ల నవ్వు ఆపుకుంటూ ఉంది.

"చిన్నది," అంది ప్రకటనలమ్మ.

డిటెక్టివ్ బల్లకి ఆనుకున్నాడు. అలిసిపోయాడు. వయసువల్ల వచ్చిన అలుపు కాదది. కళ్ళముందే ఉన్నదాన్ని చూడటానికి ఇంతసేపు పట్టిందని తెలిసినప్పుడు వచ్చే అలుపు. గోడమీద రూళ్ళ వైపు చూశాడు. రెండు గీతలు గీసిన చివరి రూలు దగ్గర చూపు ఆగింది.

"చెల్లెమ్మా, ఈ డబ్బా మీద 'ప్రకటన' అన్న మాట ఎప్పుడు పెట్టారు?"

"ఈ మధ్యే. యాడ్లకీ మీ రాతలకీ తేడా తెలియడం లేదని వాళ్ళు హెచ్చరిక పంపారు. యాడు మీద 'ప్రకటన' అని పెట్టాలి, ఇంకెక్కడా ఆ మాట శీర్షికగా ఉండకూడదు అన్నారు. వాళ్ళు చెప్పినట్టే మార్చాను. రూలు రూలే కదా."

"అంతకుముందు ఆ మాట ఎక్కడుండేది?"

"ఫొటో పైన. 'ప్రకటన' అని ఉండేది. అది తీసేసి యాడు పైన పెట్టాను."

"చిన్నది వెళ్ళిపోయాకా, ముందా?"

"వెళ్ళిపోయాక."

"అడుగున ఉన్న వాక్యం మార్చారా? ప్రకటన మీద నొక్కండి అన్నది?"

"లేదు. అది అలాగే ఉంది. నాకు తట్టలేదు. నాకు ప్రకటన అంటే ఎప్పుడూ..."

"ఆ వాక్యం సంగతి చిన్నదానికి తెలుసా?"

"తెలియకపోవడమేంటి అన్నయ్యగారూ. సెలవల్లో ఇక్కడే కూర్చునేది. ఆ వాక్యం టైపు చేసిందే అది."

డిటెక్టివ్ తన ఫోను మళ్ళీ తీశాడు. ఈసారి డబ్బా జోలికి పోలేదు. పిల్ల ఫొటో మీద నొక్కాడు. ఏదో ఊరి వాతావరణం పేజీ తెరుచుకుంది, మబ్బు బొమ్మతో. అదే క్షణంలో ప్రకటనలమ్మ మెడలో తాడుకి వేలాడుతున్న ఫోను గణగణ మోగింది. ఆవిడ ఉలిక్కిపడి, రెండు చేతుల్తో దాన్ని అందుకుని చూసింది. చూసి, ఆయన వైపు తిరిగింది.

"మీరేనా?" అంది. ఆ ఒక్క మాటలో ఆశ పుట్టడం, చావడం రెండూ వినిపించాయి.

"నేనే. క్షమించండి. ఇది చూడాలనే నొక్కాను."

"ఇది ఏం గంట?" అన్నాడు బామ్మర్ది. గోడకి ఆనుకున్న వీపు ఎత్తాడు.

"ఎక్కడో చిక్కుకుపోయినవాళ్ళ కోసం పెట్టిన గంట," అన్నాడు డిటెక్టివ్. "మాట్లాడే వీలు లేదు. రాస్తే పక్కవాడు చూస్తాడు. అలాంటివాళ్ళు ఫొటో మీద నొక్కితే ఈవిడకి కబురొస్తుంది. పక్కనున్నవాడికి అనుమానం రాకుండా తెరమీద ఏదో వేరే పేజీ తెరుచుకుంటుంది. అందుకే ఏ పేజీ వచ్చినా కంగారుపడకండి అని రాశారు. ఇప్పుడు నీ దొంగ సంగతి చూడు. రోజూ, ఎవరూ చూడని ఒక్క వేళలో, ఆ పిల్ల పేజీయే తెరుస్తోంది. ప్రకటన మీద నొక్కమన్నారు కాబట్టి, 'ప్రకటన' అని రాసున్న చోట నొక్కుతోంది. ఏదో పేజీ వస్తుంది. కంగారుపడదు. కబురు అందిందనుకుంటుంది. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తుంది. ఎవరూ రారు. మర్నాడు మళ్ళీ నొక్కుతుంది."

గుమ్మం అవతలే నిలబడ్డ భర్త, మొదటిసారి గడప దాటి లోపలికొచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ వారించలేదు.

"అది నొక్కింది," అంది ప్రకటనలమ్మ. "అది రోజూ నన్ను పిలిచింది. నేను ఎవరో పాడు మనుషులు నా సైటు ముంచుతున్నారని తిట్టుకుంటూ కూర్చున్నాను."

"ఊహ బావా, అంతా ఊహ," అన్నాడు బామ్మర్ది. కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు. "అలాగైతే వేరే యాడు రావచ్చుగా? ప్రతిసారీ నా క్లయింట్ యాడే ఎందుకొస్తుంది?"

"నాకు మోకాలి పట్టీలు ఎందుకొచ్చాయి?"

"ఏంటి?"

"నేను పట్టీలు వెతికాను కాబట్టి. మనం దేన్ని ఎక్కువ చూస్తే అదే వెంటపడుతుంది. పొద్దస్తమానం నీ క్లయింట్ పేజీ తెరిచి ఉండే కంప్యూటర్ ఎక్కడుంటుంది? నీ క్లయింట్ ఆఫీసులోనే. అక్కడ పనిచేసేవాళ్ళ వెనకాల ఆ కంపెనీ యాడే తిరుగుతుంది. ఆ పిల్ల సాయం కోసం తలుపు తట్టింది. ప్రతిసారీ వాళ్ళ తలుపే తెరుచుకుంది."

డిటెక్టివ్ వాడి దగ్గరికి జరిగాడు.

"నువ్వా ఆఫీసుకి వెళ్ళావా?"

"పొద్దున వెళ్ళాను. మంచి ఆఫీసే బావా. ఏసీ, వరసగా సీట్లు. అందరూ తల వంచుకుని పని చేసుకుంటున్నారు."

"తల ఎత్తి నిన్ను చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కొత్త మనిషి వస్తే ఎవడైనా చూస్తాడు."

బామ్మర్ది తల అడ్డంగా ఊపాడు.

"తాళాలు ఏ వైపున ఉన్నాయి?"

"ఏ తాళాలు?"

"నువ్వు నా దగ్గర చేరిన మొదటి వారంలో నేర్పింది ఇదే. ఏ గదిలోకి వెళ్ళినా ముందు తాళం చూడు. లోపల గడియ ఉంటే లోపలివాడికి బయటివాడంటే భయం. బయట తాళం ఉంటే?"

బామ్మర్ది కళ్ళు ఎక్కడో ఆగిపోయాయి. తను పొద్దున నడిచిన నడవాలో, తలుపు తలుపు దగ్గరా నిలబడి మళ్ళీ చూసుకుంటున్నట్టున్నాడు. తెలివైనవాడే. తొందరే వాడి జబ్బు.

"బయటే," అన్నాడు. "పడుకునే గదులు కూడా పై అంతస్తులోనే అన్నారు. తాళాలు బయటే ఉన్నాయి. సెక్యూరిటీ కోసం అన్నారు. నేను... సరే అన్నాను."

"ఆ పిల్ల మొహం చూశావా?"

"వీపు చూశాను. ఒక్క జడ... కాదు, జుట్టు కత్తిరించి ఉంది. సీటు కిటికీ పక్క వరసలో చివరిది."

"చివరిదని నీకెలా తెలుసు?"

ఆ ప్రశ్న అడుగుతుండగానే డిటెక్టివ్‌కి జవాబు తెలిసిపోయింది. ఆయన అడగకుండా ఉండాల్సింది అనుకున్నాడు. జీవితంలో ఇలాంటి ప్రశ్నలు కొన్ని అడిగాడు. అన్నిటికీ జవాబులు ఇలాగే వచ్చాయి.

"కనుక్కోమనే కదా బావా నన్ను పెట్టుకున్నది." వాడి గొంతు చిన్నపిల్లాడిదిలా అయిపోయింది. "ఏ కంప్యూటర్లోంచి వెళ్తోందో పట్టుకున్నాను. పొద్దున్నే వాళ్ళకి చెప్పేశాను. సీటుతో సహా చూపించాను. వాళ్ళ మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఊపి, పెద్ద సాయం చేశారు అన్నాడు."

"ఈ రోజు నొక్కిందా?"

బామ్మర్ది ఫోను చూశాడు. పైకీ కిందికీ జరిపాడు. మళ్ళీ జరిపాడు.

"రోజూ ఈపాటికి నొక్కేది," అన్నాడు. "ఇంకా లేదు."

"వాళ్ళకి ఫోన్ చెయ్యి. పొరపాటు పడ్డాను, ఆ సీటు కాదు అని చెప్పు. ఎవరి పేరైనా చెప్పు, నా పేరు చెప్పు. వాళ్ళు ఆలోచించుకునే లోపల మనం అక్కడ ఉండాలి."

బామ్మర్ది నంబరు వెతకబోయాడు. వేలు తెరకి ఆనకముందే ఫోను చిన్నగా వణికింది. ఒక మెసేజ్. వాడు చదివాడు, కానీ చదివినట్టు ముఖంలో ఏమీ కనిపించలేదు. ఫోను ఉన్న చెయ్యి మాత్రం మెల్లగా కిందికి జారింది. డిటెక్టివ్ ఆ చేతిలోంచి ఫోను తీసుకుని, మళ్ళీ బారెడు దూరం పెట్టి చదివాడు.

'మనిషి దొరికింది. ఇక మీరు రానక్కర్లేదు. థాంక్స్.'

"ఏమైంది అన్నయ్యగారూ? ఏం రాశారు?" ప్రకటనలమ్మ వంగి తెర వైపు చూసింది. మొదటి రెండు మాటలు ఆవిడ కళ్ళపడ్డాయి. ఎన్నాళ్ళుగానో ఎర్ర అక్షరాల్లో రాయాలని ఎదురుచూసిన మాట అక్కడుంది. ఒక్క క్షణం ఆ ముఖం వెలిగింది. ఆ తర్వాత, అది ఎవరు రాశారో గుర్తొచ్చింది.

డిటెక్టివ్ అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు. మోకాలు టక్కుమందో లేదో ఆయనకి తెలియలేదు.

"కారు తియ్యరా. నాది కాదు, నీదే. నిన్ను చూస్తే వాళ్ళ గేటు తెరుస్తారు. దారిలో పోలీసులకి నేను ఫోన్ చేస్తాను." వాడు నిలబడినచోటే నిలబడి ఉండటం చూసి, వెనక్కి వచ్చి రెక్క పట్టుకుని లాగాడు. "తర్వాత ఏడుద్దువుగాని. నేనూ ఏడుస్తాను. నడు."

వసారాలోకి వచ్చి ఆగిపోయారు ఇద్దరూ. వీధి గేటు గడియ తీసిన చప్పుడైంది. అలవాటైన చెయ్యి తీసిన గడియ, వెతుక్కోకుండా తీసింది. క్యాంటీన్ పని ముగించుకుని వచ్చిన మనిషి చెప్పులు మెట్ల కింద విడిచి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పైకొచ్చింది. ఎవరో కొత్తవాళ్ళని చూసి కాస్త సర్దుకుంది. స్టూలు మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపలి గుమ్మంలో నిలబడ్డ ప్రకటనలమ్మ వైపు తలెత్తి, రోజూ అడిగినట్టే అడిగింది.

"ఏమైనా తెలిసిందా అక్కా?"